పక్కింటామె చేసింది తప్పా, కాదా

ఆ పక్కింటామెను మొదట వెనకేసుకొచ్చింది నేనే. ఈ సంగతి నేనే ముందు ఒప్పుకుంటే మంచిది. లేకపోతే ఎవరో ఒకరు లేచి, నీ నోటితో నువ్వే కదా అన్నావు అని నా మొహాన కొడతారు. ఒకామె ఇప్పటికే కొట్టింది కూడా.

పక్కింటామె అంటే నిజం మనిషి కాదు, టీవీలో మనిషి. సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఏడింటికి వచ్చే దయ్యం సీరియల్ అది. ఒక ఇంటి పెద్దకోడలు పెరటి బావిలో పడి చనిపోతుంది. చనిపోయినా ఇల్లు వదలదు. మూడేళ్ల కూతురి కాలి గజ్జెల్లో చేరి అక్కడే ఉండిపోతుంది. పాలు పొంగబోతే పొయ్యి తగ్గిస్తుంది. పిల్ల దుప్పటి తన్నేస్తే మళ్లీ కప్పుతుంది. ఎవరికీ కనపడదు, ఒక్క పక్కింటామెకు తప్ప. బతికుండగా వాళ్లిద్దరూ ప్రాణస్నేహితులు. గజ్జెల రహస్యం తెలిసింది కూడా పక్కింటామె ఒక్కదానికే.

మా షెడ్డు ఉదయగిరిలో కొండ కిందే ఉంది. కొయ్య గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేస్తాం. ఐదుగురం ఆడవాళ్లం. షెడ్డు నడిపేది యాభై దాటిన ముస్లిం ఆవిడ, ఆమెను అందరం ఆపా అంటాం. దుత్తలూరు నుంచి రోజూ బస్సులో వచ్చే తోడికోడళ్లు ఇద్దరు. ఒకరు ఔనంటే ఇంకొకరు కాదనాలి, లేకపోతే వాళ్లకు తిన్నది అరగదు. మిగిలింది నేను, నా స్నేహితురాలు. కర్రను బాడిశతో చెక్కి ఆకురాయితో రూపం తెచ్చి నేను ఇస్తే, ఆమె గరుకు కాగితంతో రుద్ది నునుపు చేస్తుంది. పన్నెండేళ్లుగా ఎదురెదురుగా కూర్చుని అదే పని. నా చెయ్యి ఎక్కడ తప్పుతుందో నాకంటే ఆమె వేళ్లకే బాగా తెలుసు. నాకంటే నాలుగేళ్లు చిన్నది, అక్కా అని పిలుస్తుంది. మా వీధే, మా చర్చే.

ఆమె ఇంట్లో టీవీ ఉంది గానీ, అత్తగారు గట్టి ప్రార్థనాపరురాలు. దయ్యం తెర మీద కనపడితే ఇంట్లోకి వచ్చినట్టే అంటుంది ఆ ముసలామె. చేతిలో ఫోనా, బటన్ల ఫోను. అందుకని పాటల ప్రాక్టీసు అని చెప్పి మా ఇంటికి వచ్చేది. ఏడుకు ఐదు నిమిషాలు ముందు ఇద్దరం గొంతెత్తి ఒక చరణం పాడేవాళ్లం, రెండిళ్ల అవతల అత్తగారికి వినపడేలా. ఏడు కాగానే టీవీ. మధ్యలో ప్రకటనలు వస్తే ఇంకో చరణం. మంచంలో పడుకుని మా అమ్మ నవ్వేది. "మీ పాట దేవుడికి ఎట్టా అందుతుందే, మధ్యలో ఆ దయ్యం ఏడుస్తా ఉంటే?" అనేది.

పెళ్లి నాకు అచ్చిరాలేదు. రెండేళ్లకే తిరిగొచ్చాను. అప్పటి నుంచీ అమ్మా నేనూ. ఇక నాకంటూ ఉన్నది ఆదివారం క్లాసు. చర్చి వెనక గదిలో పిల్లలకు వాక్యం కథలు చెప్పేదాన్ని, పదకొండేళ్లు. షెడ్డులో చెడిపోయిన గరిటెలను పొయ్యిలో పెట్టనివ్వకుండా ఇంటికి తెచ్చుకునేదాన్ని. వాటికి కళ్లూ మీసాలూ గీసి, గుడ్డపీలికలు కట్టి, బొమ్మలు చేసేదాన్ని. రాజుగారికి పొడుగాటి అట్లకాడ, గొర్రెలకు చిన్న చెంచాలు. అవన్నీ ఒక బిస్కెట్ల రేకుడబ్బాలో ఉండేవి. నేను డబ్బా మూత తీస్తే ఇరవైమంది పిల్లలు ముందుకు జరిగేవాళ్లు. కడుపున పుట్టినవాళ్లు లేని నాకు వారానికి ఆ ఒక్క గంట ఇరవైమంది బిడ్డలు. దాన్ని ఎవరైనా లాక్కుంటారని కలలో కూడా అనుకోలేదు.

అమ్మ పోయాక నాకు నిద్ర కరువైంది. ఎనిమిది నెలలు. అమ్మ పాత చీర ఒకటి పక్క మీద పరుచుకునేదాన్ని, ఆ వాసనకైనా కాసేపు కన్ను మూతపడుతుందని. మాత్రలు వాడాను. ప్రార్థనలు చేయించుకున్నాను. పనిలో బాడిశ జారి రెండుసార్లు వేలు తెగింది. రెండోసారి నెత్తురు కడిగి గుడ్డ కట్టింది ఆపానే.

"ఏ.ఎస్.పేట దర్గాకు పోయి కూచో" అంది. "నీ దేవుణ్ణి వదలమనలా నేను. అక్కడికి అందరూ వస్తారు. నీడన పడుకో. నిద్ర పట్టిందా, సరే. పట్టలేదా, బస్సెక్కి వచ్చెయ్."

ఒక గురువారం పొద్దున వెళ్లాను. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ల మధ్య, చల్లని రాతి నేల మీద పైట తల కింద పెట్టుకుని ఒరిగాను. లేచేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. నాలుగు గంటల నిద్ర! నా మీద ఎవరిదో దుప్పటి ఉంది. కప్పిందెవరో తెలియదు, తీసుకుపోవడానికి కూడా ఎవరూ రాలేదు. మడిచి పక్కన పెట్టి వచ్చేశాను. బస్సులో ఏడుపొచ్చింది, సుఖంగా ఏడ్చాను.

ఈ మాట నా స్నేహితురాలికి ఒక్కదానికే చెప్పాను. బాప్టిస్టు చర్చిలో క్లాసు చెప్పే మనిషి దర్గాలో పడుకుందంటే ఊరు ఊరుకుంటుందా? చీర సంగతీ చెప్పాను, ఆ వాసన సంగతీ చెప్పాను. నీ నోట్లోనే ఉండాలి సుమా అన్నాను. మాలో ఒట్లు పెట్టుకోరు. మాటిస్తే మాటే. ఆమె నా గుడ్డ కట్టిన వేలు పట్టుకుని, "నా కడుపులోనే ఉంటాది అక్కా" అంది. నమ్మాను. నమ్మకపోతే ఎట్లా, పన్నెండేళ్లు!

ఆ తర్వాత వారమే సీరియల్లో పుట్టి మునిగింది. గజ్జెల్లో ఉన్న తల్లి చెయ్యి తగిలిన ప్రతిసారీ పిల్లకు జ్వరం వస్తోంది. పిల్ల రోజురోజుకూ చిక్కిపోతోంది. తన వల్లే అని తల్లికి తెలియదు. ఆ ఇంటి అత్తగారు మంత్రగాణ్ణి పిలిపించింది. దయ్యం ఎక్కడుందో ఎంత వెతికినా వాడికి చిక్కలేదు. అప్పుడు పక్కింటామె ముందుకొచ్చి, ఏడుస్తూ, గజ్జెల వైపు వేలు చూపించింది. వాడు ఆ తల్లిని రాగిచెంబులోకి లాగి మూత బిగించి గడప కింద పాతిపెట్టాడు. మా ఇంట్లో ఆ పూట ప్రకటనలప్పుడు చరణం పాడటం కూడా మర్చిపోయాం.

మర్నాడు షెడ్డులో ఒక్కరి చెయ్యీ ఆడలేదు.

"నమ్మించి గొంతు కోసింది" అని మొదలుపెట్టింది తోడికోడళ్లలో పెద్దామె.

"కోయక ఏం చేస్తాది? పిల్ల ఎండిపోతా ఉంటే చూస్తా కూచోవాల్నా?" అంది చిన్నామె.

నా స్నేహితురాలి కళ్లు అప్పటికింకా వాచి ఉన్నాయి. "దాని మొహం మండ! చచ్చినామెకు ఉండేది ఆ గజ్జెలొక్కటే. అది కూడా లేకుండా చేసింది. నేనైతే నాలుక కోసినా చెప్పను" అంది.

నాకు వాదం అంటే ఎక్కడ లేని హుషారు. చేతిలో గరిటె ఊపుతూ అందుకున్నాను. "ఏమే, ఏడుపు కాదు, ఆలోచించు. పిల్ల చచ్చిపోయే దాకా నోరు మూసుకుంటే అది స్నేహమా? ఆమె మేలు కోరి చెప్పింది. మేలు కోరి చెప్తే అది ద్రోహం కాదు."

"మేలు కోరితే ముందు దానితో చెప్పాల కదక్కా! నీ చెయ్యి తగిలి నీ బిడ్డ పాడైపోతుండాది, నువ్వే వదిలి పో అని దాని మొహం చూసి చెప్పాల. అది పోనంటే అప్పుడు ఊరికి చెప్పుకో. చాటున చెప్పేది మేలెట్టా అవుద్ది?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అని ఆపా కసిరింది. "యాక్టింగ్ చేసినోళ్లు అన్నం తిని సుఖంగా పడుకోనుంటారు. శనివారానికి ఆర్డరు పోవాల." అని రెండు నిమిషాలు కూడా కాలేదు, ఆమే మళ్లీ ఎత్తుకుంది. "అయినా ఆ మంత్రగాడి కళ్లు చూస్తేనే తెలవలా, వాడు మంచోడు కాదని?" మధ్యాహ్నం దాకా అదే రచ్చ. ఆ రోజు నేను గెలిచాననే అనుకున్నాను.

తర్వాత ఆత్మకూరులో స్త్రీల సభ జరిగింది. చుట్టుపక్కల చర్చిల ఆడవాళ్లంతా ఒకచోట చేరి రోజంతా ప్రార్థన చేసుకునే సభ. నేను ఆర్డరు పనిలో పడి వెళ్లలేదు. నా స్నేహితురాలు వెళ్లింది. ఆ సభల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా కష్టం ఉంటే లేచి నిలబడి చెప్పాలి, తనకోసం అయినా సరే, తనవాళ్లకోసం అయినా సరే. అందరూ కళ్లు మూసుకుని ఆ కష్టం కోసం ప్రార్థిస్తారు. మాలో చాడీలు చెప్పడం పాపం. ప్రార్థన అంశం చెప్పడం మాత్రం పుణ్యం.

పదిహేను రోజుల తర్వాత గరుకు కాగితాలు కొనడానికి నేను ఆత్మకూరు వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. నా సంచిలో నుంచి బయటికి పొడుచుకొచ్చిన గరిటెల కాడలు చూసి పలకరించింది.

"ఉదయగిరేనా అమ్మా?"

"అవునమ్మా."

"అయితే మీ చర్చిలో పిల్లోళ్లకు క్లాసు చెప్పే ఆమె తెలిసే ఉంటాది. పాపం, ఎట్టుండాది ఇప్పుడు?"

"ఏమైంది ఆమెకు?" అన్నాను.

"తెలవదా! వాళ్లమ్మ చచ్చిపోయినాక ఆత్మ ఆమెను వదల్లేదంట. అమ్మ చీరలో చేరుకోనుందంట. ఈమె దినామూ ఆ చీర మీదే పడుకుంటాదంట. నిద్రా లేదు, తిండీ లేదు. ఆఖరికి దర్గాకు కూడా పోయిందంట, క్లాసు చెప్పే మనిషి! మా సభలో మీ ఊరమ్మాయి ఒకతి లేచి ఏడ్చి ఏడ్చి చెప్పింది. పేరు చెప్పలా, మంచి పిల్ల. క్లాసు చెప్పే మా అక్క అంది, అంతే."

మా చర్చిలో క్లాసు చెప్పే అక్కలు వందమంది ఉన్నట్టు!

ఆవిడ ఆగలేదు. "అన్నాలకాడ కూడా మాకు అదే మాట. కొందరు క్లాసు మానిపించాలన్నారు. కొందరు పాపం అన్నారు. ఒకామె ఆ చీర కాల్చేస్తే పీడ పోద్ది అనింది. నువ్వేమంటావు తల్లీ?"

నా గురించి నన్నే అడిగింది. షెడ్డులో ఆ గజ్జెల తల్లిని మేం ఎట్లా నమిలామో, ఆత్మకూరు ఆడవాళ్లు పప్పన్నంలో నన్ను అట్లాగే నంజుకున్నారు. కోపం రాలేదు ఆవిడ మీద. నిజంగానే జాలిపడుతోంది.

"బాగానే ఉండాది ఆమె" అని చెప్పి, వచ్చిన బస్సెక్కేశాను.

దారి పొడుగునా ఒకటే మంట. ఆత్మ అన్న మాట నా నోట రాలేదు. వాసన అన్నాను. సీరియల్లో గజ్జెలు ఎట్లాగో నా కథలో చీర అట్లా అయిపోయింది ఆమెకు. కలిపేసుకుంది. కావాలని చేసిందో, రోజూ చూసి చూసి అదే నిజమనుకుందో, ఇప్పటికీ తెలియదు. ఏదైనా ఒకటే. మా పాటలు విని నవ్విన మా అమ్మను పట్టుకుని దయ్యాన్ని చేసింది.

ఆ శనివారం సాయంత్రం పాస్టరు అయ్యగారు మా ఇంటికి వచ్చారు. మంచి మనిషే. టీ వద్దన్నారు, అప్పుడే అర్థమైంది.

"దర్గాకు పోయిన మాట నిజమేనా అమ్మా?"

"నిజమే అయ్యగారూ. నిద్ర కోసరం పోయినాను."

"సంఘంలో మాట నడుస్తుండాది. కొన్నాళ్లు క్లాసుకు విశ్రాంతి ఇయ్యి. నీ మేలు కోరే చెప్తుండా."

మేలు! ఆ మాట చెవిన పడగానే ఒళ్లు మండిపోయింది. "మరి పిల్లల్ని ఎవరు చూస్తారు?" అన్నాను. ఆయన నా స్నేహితురాలి పేరు చెప్పారు.

నోటి చివరి దాకా వచ్చింది, రోజూ ఏడింటికి దయ్యం సీరియల్ చూసేది ఆమేనండీ అని. ఒక్క మాటతో ఆమె పని కూడా అయిపోయేది. చెప్పలేదు. అదేదో నా మంచితనం అనుకోకండి. చెబితే ఎవరింట్లో కూర్చుని చూసిందో కూడా చెప్పాల్సి వస్తుంది. పైగా, కడుపులో పెట్టుకోవడం అంటే ఏమిటో ఒక్కరికైనా చేతకావాలి కదా అన్న పొగరు కూడా ఉంది.

సోమవారం సాయంత్రం ఆమె వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది.

"అక్కా, ఆ గరిటెబొమ్మల డబ్బా ఇస్తావా? పిల్లోళ్లు అడుగుతుండారు."

"నీ ఒక్కదానికే చెప్పినానే" అన్నాను.

భోరుమంది. "నీ కోసరమే అక్కా! నువ్వు మనిషిగా లేవు. నీ వేళ్లు తెగుతా ఉంటే ఎదురుగా కూచోని చూసేది నేను కదా? అంతమంది ప్రార్థన చేస్తే నీకు నిద్ర పడుతుందనుకున్నా. పేరు కూడా చెప్పలా. క్లాసు పోతుందని నాకు తెలవదు, నన్ను అడిగితే కాదనలేకపోయినా."

"మా అమ్మ చీరలో ఉండాదని ఎవరు చెప్పినారే నీకు?"

కళ్లు తుడుచుకుని, మెల్లగా అంది. "నువ్వే కదక్కా అన్నావు, మేలు కోరి చెప్తే అది ద్రోహం కాదని."

నా గరిటెతో నా నెత్తినే కొట్టింది. లోపలికి వెళ్లి డబ్బా తెచ్చి చేతిలో పెట్టాను. ఆమె వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది, ముందు దాని మొహం చూసి చెప్పాల అన్నది ఎవరో. బస్సు వెళ్లిపోయాక స్టాపుకు చేరే రకం నేను, ఎప్పుడూ అంతే.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏడింటికి చరణం లేదు. పాటలు మానేసినారా అని ఆమె అత్తగారు వీధిలో నన్ను అడిగింది. గొంతు బాగలేదన్నాను. షెడ్డులో మాత్రం ఎదురెదురుగానే కూర్చోవాలి, పని అట్లాంటిది. నేను చెక్కి నేల మీద పెట్టేదాన్ని, ఆమె తీసుకుని రుద్దేది. చేతికి చెయ్యి తగలనిచ్చేదాన్ని కాదు. ఆపా ఒకటి రెండుసార్లు ఏదో అనబోయి మానేసింది.

ఒక ఆదివారం ఆరాధన మధ్యలో వెనక గదిలో నుంచి పిల్లల నవ్వు వినపడింది. రాజుగారి అట్లకాడ మాట్లాడుతోంది. ముక్కుతో, సాగదీస్తూ, అచ్చం నేను మాట్లాడించినట్టే. ఆ గొంతు కూడా తీసుకుపోయింది. ముసుగు మొహం మీదికి లాక్కుని అందరి ముందే ఏడ్చాను. ప్రార్థనలో ఏడుస్తోందనుకున్నారు.

సీరియల్ ఒంటరిగానే చూశాను. నెలన్నరకు కథ చివరికొచ్చింది. పక్కింటామె గడప తవ్వి, చెంబు మూత పగలగొట్టి, బయటికొచ్చిన తల్లి కాళ్ల మీద పడింది. తప్పు చేశాను, చంపినా చంపు అంది. ఆ తల్లి ఆమె తల మీద చెయ్యి పెట్టింది. నా బిడ్డను కాపాడావు, నిన్ను క్షమించాను అంది. వెలుగులో కలిసిపోయింది. సీరియళ్లలో క్షమించడం ఎంత తేలికో! టీవీ ఆపి అమ్మ చీర మీద పడుకున్నాను. వాసన ఎప్పుడో పోయింది. ఉత్త చీర.

మర్నాడు షెడ్డుకు వెళ్లేసరికి తోడికోడళ్లు ముక్కులు చీదుకుంటున్నారు. ఎప్పుడూ కొట్టుకునేవాళ్లు ఆ పూట ఒక మాట మీదున్నారు. నేను కూర్చోగానే గప్‌చుప్ అయ్యారు. నా స్నేహితురాలు తల వంచుకుని గరిటె రుద్దుతోంది. క్లాసు చెప్పే మనిషి అయ్యాక, మా ఇల్లూ లేక, ఆమె సీరియల్ ఒక్క రోజు కూడా చూడలేదు. కాసేపటికి కాగితం ఆపింది. నెలన్నర తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"నిన్న అయిపోయిందంట కదా" అంది. "అక్కా... ఆ తల్లి పక్కింటామెను క్షమించిందా?"

ఆపా ఆకురాయి ఆగింది.

"లేదు" అన్నాను. "క్షమించలేదు."

ఆమె తల దించుకుంది. నేను చెక్కి ఇచ్చిన గరిటెనే మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది, అప్పటికే నునుపెక్కిన చోటే. ఆపా, ఆ తోడికోడళ్లిద్దరూ, ముగ్గురూ నిన్న చూసినవాళ్లే. ఒక్కరూ కాదనలేదు.